పొడి చెత్త లెక్క ఇక పిల్లలే రాస్తారు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి ప్రతి శనివారం ఉదయం మన బడిలో ప్లాస్టిక్ సేకరణ ఉంటుంది. ఇంట్లో పోగైన ప్లాస్టిక్‌ను పిల్లలు సంచిలో వేసుకుని వస్తారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు రకాల వారీగా విడదీసి, కాటా మీద తూచి, ఆఫీసు కంప్యూటర్లోని షీట్‌లో ఎక్కిస్తారు. మధ్యాహ్నానికి సరుకంతా మున్సిపాలిటీ డీఆర్‌సీసీకి, అంటే పొడి చెత్త సేకరణ కేంద్రానికి వెళ్తుంది. మనం తూచిన బరువు ఒక గడిలో, అక్కడ తూచిన బరువు పక్క గడిలో ఉంటాయి. ఆ షీట్‌ను మీరంతా ఫోన్‌లో చూడవచ్చు. స్మార్ట్‌ఫోన్ లేనివారి కోసం దాన్నే ప్రింటు తీసి గేటు దగ్గరి నోటీసు బోర్డుకు అంటిస్తాం.

“చెత్త ఎత్తడానికా మా పిల్లల్ని బడికి పంపుతున్నది?” అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. అడగాల్సిన మాటే. పిల్లలెవరూ రోడ్డు మీద ఏరరు, చెత్తకుండీలో చెయ్యి పెట్టరు. మీ ఇంట్లో కడిగి ఆరబెట్టి పంపినదే, గ్లౌజులు వేసుకుని, టీచర్ల ముందు విడదీస్తారు. ఇక దీంట్లో చదువేముంది అంటారా, చాలా ఉంది.

లెక్క రాయడంవల్ల ఏం మేలో కేరళ సంగతి చూడండి. అక్కడ హరిత కర్మ సేన అనే బృందంలోని మహిళలు ఇంటింటికీ వెళ్లి పొడి చెత్త తీసుకుంటారు. ప్రతి ఇంటికీ ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తే ఆ ఇంటికి వచ్చినట్టు, చెత్త తీసుకున్నట్టు, నెల రుసుము ముట్టినట్టు హరితమిత్రం అనే యాప్‌లో నమోదవుతుంది. ఆ యాప్‌ను తయారుచేసింది అక్కడి ప్రభుత్వ సంస్థ కెల్‌ట్రాన్. “మా వీధికి రానే లేదు”, “వచ్చాం, మీరే తలుపు తీయలేదు” అనే తగవు దాంతో సగం తీరిపోతుంది. నాకు ఇందులో బాగా నచ్చింది మరొకటి. ఎండలో తిరిగిన ఆ మహిళల కష్టానికి వాళ్ల చేతిలోనే ఒక రుజువు ఉంటుంది.

రీసైకల్ అనే మన హైదరాబాద్ సంస్థ కేదార్‌నాథ్‌లో చేసిన పని ఇంకో రకం. 2022 నుంచి అక్కడ నీళ్ల సీసాలకు, ప్యాకెట్లకు క్యూఆర్ కోడ్ అంటిస్తున్నారు. కొనేటప్పుడు 10 రూపాయలు ఎక్కువ కట్టాలి. ఖాళీ సీసా తిరిగి ఇచ్చి కోడ్ స్కాన్ చేయిస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. ఒక యాత్రికుడు కొండ దారిలో పారేసినా, ఏరి తెచ్చినవాళ్లకు ఆ పది దక్కుతుంది.

అయితే కంప్యూటర్లో ఎక్కినంత మాత్రాన అది నిజమైపోదు. ప్లాస్టిక్ ప్యాకింగ్‌తో వస్తువులు అమ్మే కంపెనీలు అంతకు తగ్గ ప్లాస్టిక్‌ను రీసైక్లింగ్ చేయించినట్టు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో ధ్రువపత్రాలు చూపాలి. 2022లో వచ్చిన నిబంధన అది. మరుసటి ఏడాదే మండలి తనిఖీల్లో లక్షల సంఖ్యలో నకిలీ ధ్రువపత్రాలు బయటపడ్డాయి. చేయని పనికి లెక్క రాసేశారు. అందుకే మన షీట్‌లో రెండు బరువుల గడులు పెట్టాం. రెండింటికీ తేడా వస్తే ఎందుకు వచ్చిందో పిల్లలే వెతకాలి. తడి సీసాలు తూచామా, కాటా సున్నా దగ్గర లేదా, దారిలో సంచి చిరిగిందా. లెక్కను నిలదీయడం ఈ వయసులో అలవాటైతే పెద్దయ్యాక ఎవరూ వాళ్లను తేలిగ్గా మోసం చేయలేరు.

సైన్సు టీచరుగారు ఎనిమిదో తరగతిలో ఒక ప్రయోగం చేయించారు. నీళ్ల సీసాను, దాని మూతను ముక్కలుగా కత్తిరించి బకెట్ నీళ్లలో వేశారు. మూత ముక్కలు తేలాయి, సీసా ముక్కలు అడుక్కి చేరాయి. సీసా పెట్ అనే రకం ప్లాస్టిక్, నీటికన్నా బరువు. మూత పాలీప్రొపిలీనో పాలీఇథిలీనో అయి ఉంటుంది, నీటికన్నా తేలిక. రీసైక్లింగ్ కర్మాగారాల్లోనూ ఆ రెంటినీ నీటి తొట్లలోనే విడదీస్తారు. కానీ పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్ కూడా పెట్‌లాగే మునుగుతుంది, అది పెట్‌లో కొంచెం కలిసినా కరిగించేటప్పుడు మొత్తం సరుకు పాడవుతుంది. అందుకని పెద్ద కర్మాగారాల్లో ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి ఏది ఏ ప్లాస్టికో గుర్తుపట్టే యంత్రాలు వాడతారు. ఆ యంత్రానికి నల్ల ప్లాస్టిక్ కనపడదు, నల్లరంగు కాంతిని పీల్చేసుకుంటుంది. బిర్యానీ పార్శిల్‌తో వచ్చే నల్ల డబ్బాలు చాలాచోట్ల రీసైక్లింగ్‌కు అందకుండా పోవడానికి అదొక కారణం. ఈ మాట విన్న పిల్లలు ఇంటికెళ్లి మీతో పేచీ పెట్టుకున్నారని తెలిసింది. హోటల్‌కు స్టీలు డబ్బా తీసుకెళ్లమంటున్నారట, దయచేసి కాదనకండి.

చిప్స్ ప్యాకెట్ల గురించి ఉన్నమాట చెప్పాలి. వాటిలో ప్లాస్టిక్ పొరకు సన్నటి అల్యూమినియం పూత అంటుకుని ఉంటుంది. ఆ పొరల్ని విడదీయడం కష్టం. ఎక్కువగా సిమెంటు ఫ్యాక్టరీల కొలిమిలో బొగ్గుతోపాటు కాల్చడానికి పంపుతారు. కాలవలో పడటంకన్నా అది నయమే. కానీ దాన్ని రీసైక్లింగ్ అని మన షీట్‌లో రాయం, వేరే గడిలో వేస్తాం.

ఎక్కువ బరువు తెచ్చిన తరగతికి బహుమతి ఇద్దామని కొందరు సూచించారు. నేను ఒప్పుకోలేదు. బహుమతి కోసం పిల్లలు కొత్త సీసాలు కొనిపించి మరీ తెస్తారు. ఏడాది చివరికి బరువు తగ్గాలి, అదీ ఇళ్లలో వాడకం తగ్గడంవల్ల తగ్గాలి. షీట్‌లో తరగతి పేరే ఉంటుంది, ఏ బిడ్డ పేరూ ఉండదు. ఎవరు ఎంత తెచ్చారో, ఎవరు తేలేదో ఎవరికీ తెలియనక్కర్లేదు. సేకరణ ఫొటోల్లో పిల్లల ముఖాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దని కూడా కోరుతున్నాను.

పాత సామాన్ల బండికి సీసాలు, బకెట్లు అమ్మే ఇళ్లవాళ్లు అలాగే అమ్మండి. ఆ కుటుంబాల పొట్ట కొట్టడం మన ఉద్దేశం కాదు. మాకు కావలసింది ఆ బండివాళ్లు ఎక్కువగా కొననివి, పాల ప్యాకెట్లు, నూనె కవర్లు, కొరియర్ కవర్లు, బియ్యం సంచుల లోపలి పొర లాంటివి. పాల ప్యాకెట్‌ను కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంపేయకుండా ప్యాకెట్‌కే వేలాడనివ్వండి. ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ చిక్కదు, నేరుగా కాలవలోకే పోతుంది. కూరగాయలు కడిగిన నీళ్లతోనే ప్యాకెట్ ఒకసారి జాడించి తీగ మీద ఆరేస్తే చాలు. ఇంజక్షన్ సూదులు, మందు సీసాలు, డైపర్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పంపవద్దు.

శనివారాల్లో ఒక గంట వచ్చి కాటా దగ్గర నిలబడగల తల్లిదండ్రులు, షీట్‌లో సూత్రాలు రాయడం నేర్పగలవారు క్లాసు టీచరుకు పేరు ఇవ్వండి. సరుకు డీఆర్‌సీసీలో దించడానికి సొంత ఆటో ఉన్నవారు దొరికితే మాకు పెద్ద సాయం. సంచులు ఉదయం తొమ్మిదింటిలోపు సైకిల్ స్టాండ్ పక్కనున్న షెడ్డులో ఇవ్వాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు