తెలుగు నేర్చుకున్న దొరసాని పిట్టల బొమ్మలు

మాంట్రియల్,
ఆదివారం

బాబాయికి నమస్కారాలు.

మీరు అడిగిన దొరసాని పేరు ఎలిజబెత్ గ్విల్లిమ్. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. మీ డ్రాయింగు క్లాసు పిల్లలకు ఆమె బొమ్మలు చూపించే ముందు రెండు సంగతులు సరిచేసుకోవాలి.

మీరనుకున్నట్టు ఆమె పుట్టుకతో గొప్పింటి బిడ్డ కాదు. 1763లో ఇంగ్లండులోని హెరిఫర్డ్‌లో పుట్టింది, తండ్రి ఆర్కిటెక్టు. పేరు ముందు కనిపించే ‘లేడీ’ భర్త తరఫున వచ్చిందే. మద్రాసు కోర్టుకు జడ్జిగా వేసినప్పుడు హెన్రీ గ్విల్లిమ్ సర్ హెన్రీ అయ్యాడు, ఈమె లేడీ అయింది. ఇక రెండోది, బొమ్మలన్నీ ఆమెవే కావు. 1801లో ఓడెక్కి మద్రాసు వచ్చినప్పుడు చెల్లెలు మేరీ సైమండ్స్ కూడా వెంట వచ్చింది. పక్షులు అక్కవి, చేపలు చెల్లెలివి అని లెక్క. ఇక్కడ మెగిల్ యూనివర్సిటీ లైబ్రరీలో పక్షులు 121, చేపలు 31 ఉన్నాయి, కొన్ని పూలమొక్కలు కూడా ఉన్నాయి. అన్నీ కాగితం మీద నీటిరంగులే.

మనవాళ్లు ఆమెను గుర్తుపెట్టుకోవలసింది బొమ్మలకంటే ముందు భాష కోసం అని నా అభిప్రాయం. మద్రాసులో ఉన్నప్పుడు తెలుగు నేర్చుకుంది. ఇంగ్లీషువాళ్లు అప్పట్లో తెలుగును ‘జెంటూ’ అనేవారు. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు. ఇంగ్లీషులో అచ్చయిన తెలుగు వ్యాకరణం అప్పటికి లేదు. కేరీ వ్యాకరణం 1814లో, క్యాంబెల్ వ్యాకరణం 1816లో వచ్చాయి. బ్రౌను మద్రాసులో దిగింది 1817లో. అంటే అచ్చు పుస్తకం చూసి నేర్చుకునే వీలు లేదు, మనుషుల సాయంతో నేర్చుకోవాల్సిందే. మొక్కల శాస్త్రం సంగతికొస్తే, రాట్లర్ అనే మిషనరీతో ఆమెకు పరిచయం ఉండేది. ఆయన ఒక సంపెంగ జాతి చెట్టుకు ఆమె పేరిట గ్విల్లిమియా అని పెట్టాడు. సంపెంగ కూడా చేరే మాగ్నోలియాలలో ఒక విభాగాన్ని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

ఇక మీకు పనికొచ్చే సంగతి. ఆమె బొమ్మల్లో చాలావాటిని అసలు పిట్ట ఎంత ఉంటే అంతే సైజులో వేసింది. ఫోనులో చూస్తే పిచ్చుకా కొంగా ఒకటే సైజు, అసలు విశేషం అక్కడే పోతుంది. కాబట్టి లైబ్రరీ వెబ్‌సైటులో బొమ్మ పక్కన రాసిన కొలతలు చూసి ఆ సైజుకే ప్రింటు తీయించండి. ఒక్క షీటు చాలకపోతే రెండు అతికించండి.

అసలు సైజు బొమ్మకు లాభం ఏమిటంటే, కంటి అంచనా అక్కర్లేదు. డివైడరుతో ముక్కు పొడవు పట్టి నేరుగా కాగితం మీద పెట్టవచ్చు. అలాగే మడిచిన రెక్క, కాలి పిక్క, తోక. ఈ నాలుగూ కుదిరితే ఒళ్లు దానంతటదే కుదురుతుంది. పిల్లలు ఎక్కువగా తప్పేది కాలి దగ్గర. మోకాలు వెనక్కి వంగిందనుకుని గీస్తారు. కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పొట్ట ఈకల లోపల దాక్కుని ఉంటుంది. ఈకలు కూడా లెక్క ప్రకారమే వేయాలి. చాలా పిట్టలకు రెక్క చివర పెద్ద ఈకలు పది, తోకలో పన్నెండు. రెక్క మడిచినప్పుడు అవన్నీ కనబడవు, కానీ కనబడేవి ఒకదాని కింద ఒకటి ఏ వరుసలో దూరుతాయో తెలియకపోతే రెక్క తాటాకు విసనకర్రలా తయారవుతుంది.

రంగుకు మాత్రం తొందర ఉంది. చచ్చిన పిట్ట ఈకలు ఏళ్ల తరబడి రంగు నిలబెట్టుకుంటాయి. కంటి రంగు, కాళ్ల మీది చర్మం, ముక్కు మొదలు మాత్రం త్వరగా వెలిసిపోతాయి. చేప అయితే మరీ దారుణం, గట్టుకు చేరేలోపే వెండి రంగు బూడిద అవుతుంది. అందుకే ముందు కన్ను, కాళ్లు, ముక్కు రంగులు కలిపి కాగితం అంచున చుక్కలుగా పెట్టుకోవాలి, తర్వాత గీత, ఈకలు చివర్న.

మద్రాసు గాలిలో నీటిరంగు వేయడం కూడా వేరే కష్టం. ఎండాకాలంలో వాష్, అంటే నీళ్లు కలిపిన పల్చటి రంగు, పరిచేలోపే ఆరిపోయి అంచు గీతలా మిగులుతుంది. వానాకాలంలో ఆరనే ఆరదు. పైగా ఆ కాలపు కాగితానికి జంతువుల ఎముకలు, తోలు ఉడికించి తీసిన జిగురు పట్టించేవారు. చెమ్మకు ఆ జిగురు చెడితే రంగు అద్దుడు కాగితంలోకి ఇంకినట్టు దిగిపోతుంది.

రంగుల గురించి ఒక హెచ్చరిక. రెండు వందల ఏళ్లనాటి నీటిరంగుల బొమ్మల్లో ఆకులు నీలంగా కనబడితే, ఆర్టిస్టు అలా చూసిందనుకోకండి. అప్పట్లో పచ్చరంగుకు ప్రష్యన్ నీలంలో గాంబోజ్ పసుపు కలిపేవారు, పసుపు వెలుతురుకు ఎగిరిపోయి నీలం మిగులుతుంది. సీసపు తెలుపు వాడినచోట నల్లబడుతుంది. అందుకే తెల్లని చోట రంగు వేయకుండా కాగితాన్నే వదిలేయడం మంచి పద్ధతి.

చేపల బొమ్మలు చూపేటప్పుడు పక్కన ప్యాట్రిక్ రస్సెల్ పుస్తకం కూడా పెట్టండి. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల మీద 1803లో లండనులో అచ్చయింది, చేపలకు అక్కడివాళ్లు చెప్పిన పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. స్పెల్లింగు చూస్తే నవ్వొస్తుంది గానీ, బయటికి చదివితే మన చేపలే పలుకుతాయి.

ఎలిజబెత్ 1807 డిసెంబరులో మద్రాసులోనే పోయింది. సమాధి అక్కడి సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో ఉంది. మరుసటి ఏడాది గవర్నరుతో తగాదా వల్ల భర్తను ఇంగ్లండుకు వెనక్కి పిలిపించారు. బొమ్మలు అచ్చు కాలేదు, ఎవరికీ తెలియనూ లేదు. ఆమె పోయిన ఇరవై ఏళ్లకు ఆడుబాన్ అనే చిత్రకారుడు అమెరికా పక్షులను నిలువెత్తున అచ్చు వేయించడం మొదలుపెట్టి పేరు కొట్టేశాడు. 1924లో కేసీ వుడ్ లండనులో ఈ బొమ్మలు కొని మెగిల్‌కు చేర్చాడు. ఆయన కళ్ల డాక్టరు, పక్షుల కళ్ల మీదే ఒక పుస్తకం రాసినవాడు. అలాంటి మనిషి కంటపడటం ఆ బొమ్మల అదృష్టం. అక్కాచెల్లెళ్లు మద్రాసు నుంచి తల్లికీ, ఇంకో తోబుట్టువుకీ రాసిన ఉత్తరాలు మాత్రం లండనులో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ముందు ఒక్క పక్షి చాలు, పిల్లలు గుర్తుపట్టేది ఎంచుకోండి. ప్రింటు మీద డివైడరు పెట్టి కొలతలు తీయించి, అదే పక్షిని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో చూసి వచ్చాక మళ్లీ గీయించండి. పిన్నిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ అబ్బాయి