చలికాలపు రద్దీకి గ్రామసభ తీర్మానం దసరాకు ముందే కావాలి

సంపాదకుడు గారికి,

నవంబరు వచ్చిందంటే లంబసింగి చలి, వంజంగి మేఘాలు, అరకు వలిసె పూలు పత్రికల్లోకీ ఫోన్లలోకీ ఎక్కుతాయి. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్క అంకెకు దిగిందని తెలిస్తే చాలు, ఆ వారాంతం ఘాట్‌రోడ్డు మీద కార్లే కార్లు. ఏటా జరిగే చర్చ మాత్రం రెండు ముక్కల్లో ముగుస్తుంది: పర్యాటక శాఖ ఏదో కట్టాలి, పోలీసులు ఎవరినో ఆపాలి. బండి ఎక్కడ ఆగాలి, చెత్త ఎటు పోవాలి, మరుగుదొడ్డికి నీళ్లెక్కడివి అన్నవి నిజానికి గ్రామ పంచాయతీ తేల్చాల్సిన పనులు. డిసెంబరులో కూర్చుంటే ఇవేవీ తెమలవు. కాఫీ కోత మొదలయ్యాక గ్రామసభకు జనం రారు. అందుకే సెప్టెంబరులోనే, అదీ సంత లేని రోజు చూసుకుని, సభ పెట్టి తీర్మానం చేసుకోవాలి.

ముందు బండ్ల సంగతి. రద్దీ అంతా తెల్లవారుజాము మూడు నుంచి ఉదయం ఎనిమిది మధ్యే. వ్యూపాయింట్ దగ్గర చోటు లేక మొదటి కారు రోడ్డు వారన ఆగుతుంది. దాని వెనక ఇంకోటి. రెండో వారా నిండాక మధ్యలో ఒక్క బండి పట్టే సందు మిగులుతుంది. ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చిందా, ఇక ఎవరూ కదలరు. ఆ వరుసలో 108 ఉన్నా, కాఫీ పండ్ల ఆటో ఉన్నా అంతే. కాఫీ కోత సరిగ్గా ఈ నెలల్లోనే. కోసిన పండు ఆ రోజే పల్పరుకు, అంటే తొక్క తీసే యంత్రానికి, చేరకపోతే పులిసి రేటు పడిపోతుంది. చూడవచ్చినవాళ్లకు రెండు గంటల ఆలస్యం, రైతుకు ఆ రోజు కోత నష్టం.

కాబట్టి వ్యూపాయింట్‌కు అర కిలోమీటరు ముందే బండ్లు ఆపే చోటు కావాలి. కారుకు లోపలి దారితో కలిపి 25 చదరపు మీటర్లు వేసుకుంటే ఎకరంలో 160 పట్టాలి. మన్యం నేలలో 120 పడితే గొప్ప. వరి కోసిన మడి చదునుగా ఉందని ఆశపడతారు గానీ నవంబరులో దాని అడుగున తేమ ఆరదు, పదో కారుకే చక్రం దిగబడుతుంది. మెట్ట చూసుకోవాలి. ఎండుగడ్డి ముందే కోయించాలి, వేడి సైలెన్సరు తగిలి అంటుకుంటుంది. లోపలికో దారి, బయటికి వేరే దారి ఉండాలి. మంచులో సున్నం గీత కనబడదు కనుక వెదురు కర్రలకు రేడియం స్టిక్కరు చుట్టి పాతాలి. కార్లను ముఖం బయటికి ఉండేలా పెట్టిస్తే, ఎనిమిదింటికి అందరూ ఒకేసారి బయల్దేరేటప్పుడు రివర్సు గొడవ తప్పుతుంది.

రుసుం బండికి పెట్టాలి, మనిషికి కాదు. చీకట్లో తలలు లెక్కపెట్టే గేటే కొత్త ట్రాఫిక్ జామ్. బండ్ల స్టాండు పెట్టి రుసుం తీసుకునే అధికారం పంచాయతీలకు ఉన్నదే. సంత ఆశీలు వసూలు చేసే పంచాయతీకి ఇదేం కొత్త పని కాదు. అయితే ఆశీలులాగా వేలం పాట పెట్టడం మాత్రం తప్పు. పాడుకున్నవాడు పెట్టుబడి రాబట్టుకోవాలని చూస్తాడు, చెత్త అతని ఖాతాలో ఉండదు. ఊళ్లోని పొదుపు సంఘానికి వసూలు, శుభ్రత రెండూ కలిపి ఒకే ఒప్పందంగా ఇవ్వాలి. పంచాయతీ సొమ్ము ట్రెజరీకి వెళ్లి బిల్లై తిరిగొచ్చేదాకా కూలివాళ్లు ఆగలేరు. కాబట్టి కూలీ, ఖర్చులు సంఘమే చెల్లించి, మిగులు పంచాయతీ ఖాతాకు కట్టేలా ఒప్పందంలోనే రాసుకోవాలి. వరుస నంబర్ల రసీదు పుస్తకం, వారం వారం పంచాయతీ ఆఫీసు బోర్డు మీద లెక్క లేనిదే ఇది నాలుగు వారాలు కూడా నిలవదు.

ఉదాహరణకు ఆదివారం 200 కార్లు, కారుకు 50 రూపాయలు అనుకుందాం. వచ్చేది 10,000. ఎనిమిది మందికి 500 చొప్పున 4,000, నేల ఇచ్చిన రైతుకు 2,000, చెత్త ఆటో డీజిలు, ఫినాయిలు, గోనె సంచులకు 1,500 పోగా 2,500 మిగులుతుంది. మామూలు రోజు 20 కార్లే వస్తే వెయ్యి రూపాయలు, ఇద్దరి కూలీకి సరి. ఆదివారం మిగులును ముట్టుకోకుండా ఉంచితేనే సీజను చివర సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించడానికి డబ్బు ఉంటుంది.

మరుగుదొడ్ల దగ్గరే అన్ని పథకాలూ బోల్తా పడుతున్నాయి. 200 కార్లంటే సుమారు వెయ్యి మంది. మూడోవంతు మంది, అదీ ఐదు నుంచి ఏడు గంటల మధ్యే వాడతారు. మనిషికి నాలుగు నిమిషాలు పట్టినా ఒక గది రెండు గంటల్లో 30 మందికే సరిపోతుంది. అంటే పదకొండు గదులు కావాలి, అందులో కనీసం ఏడు ఆడవాళ్లకు. రెండు గదులు కట్టి రిబ్బను కత్తిరిస్తే మిగతావాళ్లు కాఫీ తోటల్లోకే పోతారు. ఇంటి మరుగుదొడ్డికి తవ్వే జంట గుంతలు ఇక్కడ పనికిరావు. ఐదుగురి కొలతకు తవ్విన గుంతలో ఒక్క పూట మూడొందల మంది పడితే నీరు ఇంకదు, పైకి తేలుతుంది. సెప్టిక్ ట్యాంకే కట్టాలి, అదీ ఊట గెడ్డకు ఎగువన కాకుండా. మనిషికి ఐదు లీటర్లు వేసుకున్నా 2,000 లీటర్ల ట్యాంకు ముందు రాత్రే నిండి ఉండాలి. దాన్ని కొండ ఊట నుంచి ఊరికి నీళ్లు దించే గ్రావిటీ పైపుకు కలిపారంటే తెల్లారేసరికి ఊళ్లో కుళాయిలు ఎండిపోతాయి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టడి చేశారు కదా, కొండకు వచ్చే నిధులకు ఇంతకన్నా సరైన ఖర్చు ఏముంది?

చెత్తకు కొండ మీద డబ్బాలు పెట్టొద్దు. నిండినవాటిని దించేవాళ్లుండరు, కుక్కలు లాగుతాయి, గాలి లోయలోకి ఊడుస్తుంది. రసీదుతో పాటే ఒక గోనె సంచి, 50 రూపాయల డిపాజిటు. సంచి తిరిగిస్తే డబ్బు వాపసు. నీలగిరుల్లో మద్యం సీసా మీద పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగిచ్చే పద్ధతి 2022 నుంచి నడుస్తోంది. ఇక్కడా ఎక్సైజు వాళ్లను అది అడుగుతూ గ్రామసభ తీర్మానం పంపవచ్చు. పశువుల కాళ్లకు గుచ్చుకునేది పగిలిన సీసా పెంకులే. థర్మోకోల్ పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు 2022 జులై 1 నుంచే నిషేధం. అమ్మే దుకాణాన్ని పట్టుకోవాలి, తిని పారేసినవాణ్ని వెతుక్కుంటూ కూర్చుంటే లాభం లేదు.

ఇక టెంట్లు. పేరు గిరిజనుడిది, పెట్టుబడి కింది మైదానం నుంచి వచ్చినవాళ్లది అన్న వ్యవహారం, గిరిజన ప్రాంత భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టానికి విరుద్ధం. షెడ్యూల్డ్ ప్రాంతంలో లీజు పేరుతోనూ అది చెల్లదు. 1996 నాటి పీసా చట్టం గ్రామసభ చేతికి ఇచ్చిన బలాన్ని ఇక్కడ వాడాలి. ఎవరి నేల, ఎన్ని టెంట్లు, మరుగుదొడ్డి ఎక్కడ అని రాసివ్వనివాళ్లకు అనుమతి లేదనాలి. నెగడు టెంటుకు కనీసం ఐదు మీటర్ల దూరంలో, సగానికి కోసిన ఇనప డ్రమ్ములో, పక్కన రెండు బకెట్ల నీళ్లతో ఉండాలి. చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి టెంటులోకి తీసుకెళితే ప్రాణం పోతుంది. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాడికి తెలియదు. ఈ ముక్క ప్రతి టెంటు గుమ్మానికీ తెలుగులో రాసి అంటించాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ లౌడ్‌స్పీకరు పెట్టకూడదన్నది 2000 నుంచి దేశమంతా ఉన్న నిబంధనే. దాన్ని అనుమతి కాగితంలో రాసి, రెండోసారి ఫిర్యాదు వస్తే ఆ సీజనుకు అనుమతి రద్దు అంటే చాలు.

వలిసె చేలలో ఫొటోలకు కొందరు రైతులు ఇంతని తీసుకుంటున్నారు. అది వాళ్ల పొలం, వాళ్ల ఇష్టం. పంచాయతీ అందులో తలదూర్చనక్కర్లేదు. కాఫీ తోటల్లోకి మాత్రం ఎవరినీ వదలకూడదు. 2025లో అరకు వైపు కాయతొలిచే పురుగు కనబడింది, కోసిన పండ్లు జేబులో వేసుకుని ఇంకో తోటకు వెళ్లేవాళ్లతో అది వ్యాపించే ప్రమాదం ఉంది.

సెప్టెంబరు సభలో కొత్త రుసుం మాట ఎత్తేముందు, పోయిన సీజనులో ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చారు అన్నది కార్యదర్శి చదివి వినిపించాలి. లెక్క చదవని పంచాయతీకి ఈసారి వసూలు అధికారం ఇవ్వబోమని గ్రామసభ అనవచ్చు.

ఒక పాఠకుడు,
నర్సీపట్నం