మన మాజీ సైనికుల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఎక్కువ పని డిసేబిలిటీ కాగితాలదే

అన్నలకి, తమ్ముళ్లకి, వీరనారి అమ్మలకి (మన సైనికుల భార్యలు, భర్త పోయినవాళ్లు) అందరికీ జై హింద్.

కార్గిల్ దివస్, జెండా పండగలు ఎప్పట్లాగే చేసుకున్నాం, జమాఖర్చులు ట్రెజరర్ గారు మీటింగ్‌లో చదువుతారు కాబట్టి వాటి జోలికి పోవట్లేదు. ఈ ఏడాది మన ఆఫీసు గదికి వచ్చినవాళ్లలో చాలామంది డిసేబిలిటీ పెన్షన్ (సర్వీసు వల్ల వచ్చిన జబ్బుకో గాయానికో ఇచ్చేది) గురించే వచ్చారు, అందరి దగ్గరా ఉన్నది ఒకటే, "నాట్ అట్రిబ్యూటబుల్", అంటే జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదు, అని రాసున్న ఎప్పటిదో పాత లెటర్. మెడికల్ బోర్డు, అంటే మనల్ని పరీక్షించిన ఆర్మీ డాక్టర్ల బృందం, అసలు ఏం రాసిందో వాళ్లలో ఎవరూ చూడలేదు, చూడకుండానే అప్పీలు మీద అప్పీలు పెట్టుకుంటూ పోయారు. నాకు బాధేసింది అక్కడే.

ఒక హవల్దార్ అన్న సంగతి చెప్తా. సర్వీసులో ఉండగా బీపీ వచ్చింది, లో మెడికల్ కేటగిరీలో (పూర్తి ఫిట్ కాదు అని) రిటైర్ అయ్యాడు, పెన్షన్‌లో డిసేబిలిటీ ఎలిమెంట్, అంటే ఆ జబ్బుకి కలిపి ఇచ్చే భాగం, రాలేదు. మేం మొదట ఆర్టీఐలో (సమాచార హక్కు చట్టం కింద) "నాకు ఎందుకు ఇవ్వలేదు" అని అడిగాం, అది మన తప్పే, ఆర్టీఐ కింద వాళ్ల దగ్గరున్న కాగితం ఇస్తారు గానీ మన ప్రశ్నకి సంజాయిషీ ఇవ్వరు. రెండు లైన్ల జవాబు వచ్చింది. రెండోసారి కాగితాల పేర్లు పెట్టి అడిగాం: రిలీజ్ మెడికల్ బోర్డు (రిటైర్ అయ్యేటప్పుడు జరిగేది) ప్రొసీడింగ్స్ పూర్తిగా, భర్తీ అప్పుడు చేసిన మెడికల్ ఫారం, కేటగిరీ మార్చిన ప్రతిసారీ జరిగిన బోర్డుల పేపర్లు, క్లెయిమ్ తిరస్కరించిన లెటర్. ఈసారి కాపీలు వచ్చాయి. జబ్బు మొదలైంది ఫీల్డ్ పోస్టింగ్‌లోనే అని బోర్డే రాసుంది, అన్న ఆ పేజీ నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

భర్తీ ఫారం ఎందుకంటే, 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, చేరేటప్పుడు ఏ జబ్బూ రాయకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరినట్టు లెక్క, తర్వాత జబ్బు సర్వీసు వల్ల కాదు అంటే బోర్డు కారణం రాయాలి. ఆ కారణం గడిలో ఏముందో చూస్తేనే అప్పీలులో ఏం రాయాలో తెలుస్తుంది. ఇంకోటి, 2023 సెప్టెంబర్ 21 నుంచి డిసేబిలిటీ పెన్షన్ రూల్స్ మారాయి, కాబట్టి మీ డిశ్చార్జ్ తేదీ ఏంటో ముందు చూసుకోండి, పక్కోడి కేసు చూసి మన కేసు అలాగే అనుకోవద్దు.

ఈ ఆర్టీఐ అప్లికేషన్ ఎక్కడికి రాయాలి అని అందరూ అడుగుతున్నారు. జవాన్లు, జేసీఓలు (సుబేదార్ లాంటి ర్యాంకులు) అయితే మీ సర్వీసు కాగితాలు ఉంచే రికార్డ్ ఆఫీస్‌కే. ఈఎంఈ (వాహనాలు, యంత్రాల రిపేర్ విభాగం), ఏఓసీ (ఆయుధాలు, సామాన్ల సప్లై విభాగం) వాళ్లకి సికింద్రాబాద్‌లోనే, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, ఆర్మీ నంబర్, ర్యాంక్, పేరు, డిశ్చార్జ్ తేదీ, పీపీఓ (పెన్షన్ మంజూరు ఆర్డర్) నంబర్ తప్పకుండా ఉండాలి. కాపీలకి పేజీకి 2 రూపాయలు అడుగుతారు, కట్టేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు ఫస్ట్ అప్పీల్, అదీ కుదరకపోతే 90 రోజుల్లోపు సెంట్రల్ ఇన్ఫర్మేషన్ కమిషన్. స్పర్శ్ అనే పెన్షన్ వెబ్‌సైట్‌లో పీపీఓ, పెన్షన్ స్లిప్ దొరుకుతాయి, మీ డిసేబిలిటీ పర్సంటేజీ అక్కడ సరిగా పడిందో లేదో చూసుకోండి, కానీ బోర్డు అలా ఎందుకు రాసిందో తెలియాలంటే ప్రొసీడింగ్స్ చేతికి రావాల్సిందే.

ఏజెంట్లకి డబ్బులిచ్చి, ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్ కూడా వాళ్ల చేతిలో పెట్టి తిరుగుతున్నవాళ్లని ఈ ఏడాది చూశాం. దయచేసి ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్స్ చాలు. వీరనారి అమ్మలు కూడా భర్త రికార్డుల కోసం రాయొచ్చు, పెళ్లి సంగతి సర్వీసు కాగితాల్లో నమోదైన పార్ట్ టూ ఆర్డర్ కాపీ గానీ ఫ్యామిలీ పెన్షన్ పీపీఓ గానీ జతచేయండి, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే మాకు చెప్పండి, అక్కడే కాగితాలు ఆగిపోతున్నాయి.

వచ్చే ఏడాది కూడా ఆదివారం పొద్దున కూర్చుంటాం. డిశ్చార్జ్ బుక్, పీపీఓ, ఆ పాత లెటర్, మూడింటి జిరాక్స్‌లు పట్టుకుని రండి, అప్లికేషన్ మేమే రాసిపెడతాం.