రాకడకు తేదీలు చెప్పేవారికి వేదిక వద్దు
మిర్యాలగూడ పరిసరాల సువార్త కూటాల్లో కొందరు ప్రసంగీకులు యేసు రెండవ రాకడకు, అంటే ఆయన భూమికి తిరిగి రావడానికి, సంవత్సరం, నెల కూడా ప్రకటిస్తున్నారు. ఆ మాట నమ్మి పత్తి అమ్మిన డబ్బంతా కానుకగా ఇచ్చి, పిల్లల ఫీజు కట్టలేకపోయిన కుటుంబం మా వీధిలోనే ఉంది. ఆ దినం, ఆ గడియ తండ్రియైన దేవునికి తప్ప కుమారుడైన యేసుకు కూడా తెలియదని మార్కు సువార్త 13:32 చెబుతుంటే, వీరికి ఎవరు చెప్పారో! బైబిలులో దేవుడు అన్నీ ఒక్కసారిగా బయటపెట్టలేదు. అబ్రాహాముకు వాగ్దానం, మోషే చేత ధర్మశాస్త్రం, తర్వాత ప్రవక్తలు. కాలం పరిపూర్ణమయ్యాకే కుమారుణ్ణి పంపాడని పౌలు గలతీయులకు రాశాడు. చెప్పవలసినవి ఇంకా చాలా ఉన్నా ఇప్పుడు మీరు భరించలేరని యేసు శిష్యులతోనే అన్నాడు. అమెరికాలో రాకడ దగ్గరపడిందని బోధించిన విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న యేసు వస్తాడని ఆకాశం వైపు చూసి భంగపడ్డారు. సంఘ పెద్దలు, పాస్టర్లు తేదీలు చెప్పేవారిని కూటాలకు పిలవకూడదు. ఆదివారం ఆరాధన తర్వాత ఆదికాండం నుంచి వరుసగా చదివించే తరగతి పెట్టాలి, విశ్వాసులు ప్రశ్నలు అడిగే వీలుతో.
– ఒక సంఘ సభ్యుడు, మిర్యాలగూడ, నల్గొండ జిల్లా