బ్రూనో మేడ దిగాడు, అందరికీ థ్యాంక్స్

ఈ రెండు వారాలూ పక్కింటి కుక్క బ్రూనో కోసం నేను ఎవరెవరి బుర్ర తిన్నానో వాళ్లందరికీ ఈ పోస్టు. విడివిడిగా ఫోన్ చేశాను గానీ ఒకరిద్దరి దగ్గర ఏడుపొచ్చి సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

సంగతి తెలియని వాళ్ల కోసం మొదట్నుంచీ చెబుతాను. మాది గుంటూరు, కొరిటెపాడు వైపు. మే నెలాఖరులో మాగాయ ముక్కలు ఎండబెడదామని మేడ మీదికెళ్లాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, పొద్దున తొమ్మిదికే గచ్చు మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేకపోయాను. పాత చీర పరిచి ముక్కలు సర్దుతుంటే పక్క మేడ మీంచి గొలుసు చప్పుడు. చూస్తే ల్యాబ్రడార్ కుక్క, వాటర్ ట్యాంకు స్టాండుకి కట్టేసి ఉంది. ట్యాంకు నీడ ఎటు జరిగితే అటు పోదామని చూస్తోంది, గొలుసు చాలట్లేదు. మధ్యాహ్నం ముక్కలు తిరగేయడానికి వెళ్లేసరికి పొద్దున నీడలో ఉన్న నీళ్ల గిన్నె కాస్తా నడి ఎండలో ఉంది, అడుగున ఇంత నీళ్లు, చుట్టూ నాచు. మర్నాడు సాయంత్రానికి నా ముక్కలు ఒరుగుల్లా గలగలమన్నాయి. ఆ రెండు రోజులూ అదే ఎండలో ఆ కుక్కా ఉంది.

ముక్కూ మొహం తెలియని వాళ్ల ఇల్లయితే ఇంత ఆలోచించేదాన్ని కాదు. ఆ ఇంటాయన మావారికి తెలిసినాయన. 2021లో కోవిడ్ రెండోసారి వచ్చినప్పుడు, మా మామయ్యకి ఆక్సిజన్ సిలిండర్ కోసం మేం ఊరంతా తిరుగుతుంటే అర్ధరాత్రి బండేసుకుని తాడేపల్లి దాకా వెళ్లి తెచ్చిచ్చిన మనిషి. అలాంటి మనిషి మీద స్టేషన్‌లో కాగితం ఎలా ఇస్తాం? ఇవ్వకపోతే రోజూ ఆ గొలుసు చప్పుడు ఎలా వింటాం? నాలుగు రోజులు నేను మేడ ఎక్కడమే మానేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ చేసింది అదే.

ముందుగా మా అక్కావాళ్ల గేదెల్ని చూసే పశువుల డాక్టర్ గారికి నమస్కారం. నేను ఫోన్లో "తిండి పెట్టట్లేదండీ, ఎముకలు కనిపిస్తున్నాయి" అని గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే ఆయన ఆపి, బక్కగా ఉన్నంత మాత్రాన తిండి పెట్టట్లేదని అనుకోకమ్మా, జబ్బు కూడా అయ్యుండొచ్చు అన్నారు. మిట్ట మధ్యాహ్నం నీడ ఉంటోందా, నీళ్లు మారుస్తున్నారా, గొలుసు ఎంత పొడవుంది, మెడ దగ్గర పుండు పడిందా, చెవుల్లోనూ వేళ్ల సందుల్లోనూ గోమార్లు ఉన్నాయా, ఇవి చూసి చెప్పమన్నారు. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదట, పాదాల దగ్గర కాస్త పడుతుందంతే, ఒంట్లో వేడి పోవాలంటే నాలుక బయట పెట్టి రొప్పాల్సిందే, అందుకే నీడా నీళ్లూ లేకపోతే ఎండదెబ్బ తొందరగా తగులుతుందట. మావాడి ఫోన్లో జూమ్ చేసి చూశాను. చెవి అంచు పొడవునా శనగపప్పులు అతికించినట్టు గోమార్లు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తర్వాత మా వీధి చివర ఉండే లాయరమ్మాయి. జంతు హింస నివారణ చట్టం 1960 నాటిదని, అందులో 11వ సెక్షన్ కింద కురచ గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, కట్టేసిన కుక్కని ఎప్పుడూ తిప్పకపోవడం, తిండీ నీళ్లూ నీడా సరిగ్గా ఇవ్వకపోవడం అన్నీ నేరాలేనని చెప్పింది. శిక్ష ఏంటంటే మొదటి తప్పుకి 10 నుంచి 50 రూపాయల జరిమానా! ఆ డబ్బుకి టిఫిన్ కూడా సరిగ్గా రాదే అని నాకు నవ్వొచ్చింది. తను నవ్వలేదు. "యాభై రూపాయల కోసం కాదు ఆంటీ, పోలీసు ఒక్కసారి గుమ్మంలోకొస్తే కుక్క మేడ దిగుతుంది, దానికోసం" అంది. తనే కూర్చుని ఒక పేజీ ఫిర్యాదు తెలుగులో రాసిపెట్టింది. ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏం చూశాను, అంతే, ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న మాటే రానివ్వలేదు. ఫోటోలు మా మేడ మీంచే తీయమంది, వాళ్ల గేటు దాటొద్దంది, గ్రూపుల్లో పెట్టొద్దంది. కొడుతున్నారనో విషం పెట్టారనో తెలిస్తే మాత్రం మాటలతో కాలయాపన చేయకుండా 112కి ఫోన్ చేయాలట. చంపినా అవిటిదాన్ని చేసినా పాత ఐపీసీ బదులు వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. మనది అలాంటి కేసు కాదు కాబట్టి శుక్రవారం దాకా చూద్దాం, ఈలోపు ఒకసారి మాట్లాడండి, మాట్లాడినా మారకపోతే శనివారం పొద్దున కాగితం ఇచ్చేద్దాం అంది. ఆ గడువు పెట్టకపోతే నేను ఇప్పటికీ ఊగిసలాడుతూనే ఉండేదాన్ని.

(వీడియో తీసి స్టేటస్‌లో పెట్టు, దెబ్బకి దారికొస్తారు అన్నవాళ్లకీ, మనకెందుకమ్మా అన్నవాళ్లకీ థ్యాంక్స్ లేవు. కోపం కూడా లేదులెండి. వీడియో అయితే తీశాను, పెట్టబోయి ఆగాను.)

ఇక మా అత్తయ్య. నేను గురువారం దాకా ఎలా మొదలుపెట్టాలా అని టెన్షన్ పడుతుంటే ఆవిడ కొత్త మాగాయ చిన్న సీసాలో పెట్టుకుని "పద" అని చెప్పులేసుకుంది. వాళ్లింట్లో కూర్చుని ఓ పది నిమిషాలు ఎండల గురించీ, ఆయన భార్య మోకాళ్ల గురించీ మాట్లాడి, అప్పుడు "బాబు ఏడమ్మా, కుక్కని వాడే కదా తిప్పేవాడు?" అని అడిగింది. ఆయన భార్య ఒక్కసారిగా బావురుమంది. పిల్లాణ్ణి పోయినేడు ఇంటర్‌కి విజయవాడలో హాస్టల్లో వేశారు. ఉగాది ముందు ఈవిడ తిప్పబోతే కుక్క లాగేసి గేటు దగ్గర పడేసిందట, అప్పట్నుంచీ మేడ మీద. రాత్రి ఆయన వచ్చాక అన్నం పెడతారు, మెట్లెక్కలేక పగలు ఈవిడ పైకి వెళ్లట్లేదు.

ఇంతలో ఆయనొచ్చాడు. విషయం అర్థమై మొహం ఎర్రబడింది. "మా కుక్క సంగతి మీకెందుకండీ" అన్నాడు. అత్తయ్య గొంతు పెంచకుండా, "ఆ రాత్రి మా ఇంటి సంగతి నీకెందుకని నువ్వు అనుకోలేదుగా నాయనా" అంది. ఆయన కాసేపు అలాగే నిలబడి, ఏమీ అనకుండా మేడెక్కాడు. గొలుసు విప్పిన చప్పుడు మాకు కిందికి వినబడింది.

మర్నాడే డాక్టర్ గారు వచ్చి రక్తం తీయించారు. దాదాపు రెండు లక్షలన్నా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 40 వేలకి పడిపోయాయి, గోమార్ల నుంచి వచ్చే జ్వరం అన్నారు. 28 రోజుల మందు. ఒక్క జాగ్రత్త ఆయన గట్టిగా చెప్పారు, మీక్కూడా పనికొస్తుందని రాస్తున్నా. ఆ మాత్రని మనకి అలవాటైనట్టు పాలల్లోనో పెరుగన్నంలోనో పెట్టకూడదట, మందు సరిగ్గా ఒంటికి పట్టదట. ఉడికించిన గుడ్డులో దాచి పెడుతున్నారు. పొద్దున ఐదున్నరకి తిప్పడానికి మా పాల కుర్రాడు ఒప్పుకున్నాడు, వాడికీ ఈ పోస్టులో పెద్ద థ్యాంక్స్, డబ్బులిస్తామన్నా వద్దన్నాడు.

బ్రూనో ఇప్పుడు మెట్ల కింద నీడలో ఉంటున్నాడు. ఆయన నాతో మాట్లాడట్లేదు, మావారికి తలూపుతాడు, అత్తయ్యతో మాత్రం బాగానే ఉన్నాడు. మనసులో బాధగానే ఉంది, అయినా ఇంకోసారి ఇలాగే జరిగితే ఇదే చేస్తాను. ఫిర్యాదు కాగితం చింపొద్దని లాయరమ్మాయి అంది, బీరువాలో ఉంది.

నిన్న వాళ్లావిడ మా మాగాయ సీసా తిరిగి పంపించింది, నిండా నిమ్మకాయ పచ్చడి పెట్టి. లాయరమ్మాయి ఫీజు తీసుకోదు కదా, అందులో సగం ఆ పిల్లకి ఇచ్చేశాను.