ఆకులో పాదరసం: చెట్టు లెక్క, చిమ్నీ లెక్క

సంపాదకులకు నమస్కారం.

థర్మల్ కేంద్రాల చుట్టూ చెట్లు దట్టంగా పెంచితే పొగలోని పాదరసాన్ని అవే పీల్చి గాలిని శుభ్రం చేస్తాయన్న మాట మొక్కలు నాటే రోజులు వచ్చినప్పుడల్లా వినబడుతుంది. ఆకులు పాదరసాన్ని పీల్చే మాట నిజమే. గాలి శుభ్రపడుతుందన్న దగ్గరే లెక్క తప్పుతోంది. థర్మల్ కేంద్రాలున్న చేల్పూరు (భూపాలపల్లి జిల్లా), రామగుండం, జైపూర్ (మంచిర్యాల జిల్లా) చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇది తెలియాలని ఈ ఉత్తరం.

బొగ్గు కాలినప్పుడు అందులోని పాదరసం ఆవిరై పొగలో కలుస్తుంది. కొంత బూడిద రేణువులకు అంటుకుని పొగలోని బూడిదను విద్యుత్తుతో పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్‌లో చిక్కుతుంది. క్లోరిన్‌తో కలిసిన భాగం నీటిలో కరుగుతుంది కాబట్టి, పొగ నుంచి తడి పద్ధతిలో గంధకాన్ని తీసే ఎఫ్‌జీడీ యంత్రం ఉంటే అక్కడ పట్టుబడుతుంది. లేకపోతే చాలావరకు దగ్గరి నేలల మీదకే దిగుతుంది. ఇక మిగిలేది ఏ రసాయనంతోనూ కలవని ఒట్టి పాదరసపు ఆవిరి. అది నీటిలో సరిగా కరగదు, ఆరు నెలల నుంచి ఏడాది దాకా గాలిలోనే తిరుగుతుంది. భూపాలపల్లిలో బయలుదేరింది ఏ దేశంలో దిగుతుందో చెప్పలేం. అలాగే మన ఆకుల్లో దొరికిందంతా మన పొగగొట్టాలదేనని కూడా అనలేం.

ఆకు ముఖ్యంగా పీల్చేది ఈ ఆవిరినే. పగటిపూట కార్బన్ డయాక్సైడ్ కోసం తెరుచుకున్న పత్రరంధ్రాల గుండానే అదీ లోపలికి పోతుంది, అక్కడ ఆక్సీకరణం చెంది ప్రోటీన్లలోని గంధకాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కొంత తిరిగి బయటికి వెళ్లినా చేరేదే ఎక్కువ. అందుకే చిగురులో తక్కువ, ముదురాకులో ఎక్కువ. వేర్ల నుంచి పైకెక్కేది బహు స్వల్పం, నేలలోని పాదరసాన్ని వేర్లు తమ దగ్గరే ఆపుకుంటాయి. నీటి ఎద్దడిలో, వేసవి మధ్యాహ్నాల్లో రంధ్రాలు మూసుకుంటే పీల్చడమూ తగ్గుతుంది. ఆ లెక్కన వానలకు విప్పారి నెలల తరబడి చెట్టుమీదుండే టేకాకు కంటే, కొమ్మలు కొట్టాక నెలన్నరకు లేతగా కోసే తునికాకులో తక్కువే ఉండాలి.

ఇప్పుడు లెక్క. 600 మెగావాట్ల యూనిట్ పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు సుమారు 9,000 టన్నుల బొగ్గు కాలుతుంది. టన్నుకు 0.1 గ్రాము పాదరసం ఉందనుకుంటే రోజుకు 900 గ్రాములు. చెట్ల వైపు చూద్దాం. కాలుష్యం లేనిచోట ఎండిన ఆకు గ్రాముకు 20 నుంచి 60 నానోగ్రాముల పాదరసం మామూలే. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. హెక్టారు అడవి ఏడాదికి 5 టన్నుల ఎండాకు రాల్చిందనుకున్నా, గ్రాముకు 40 చొప్పున తేలేది 0.2 గ్రాము! అంటే ఒక్క యూనిట్‌లో ఒక్కరోజు కాలే బొగ్గులోని పాదరసానికి సమానంగా ఆకుల్లో చేరాలంటే 4,500 హెక్టార్ల అడవికి ఏడాది పడుతుంది. ప్లాంటు పక్కన ఆకులో మూడింతలున్నా 1,500 హెక్టార్లు కావాలి. దుమ్ముకూ ఎండకూ గ్రీన్‌బెల్టు మంచిదే, పెంచండి. పాదరసం పద్దులో మాత్రం రాయకండి.

‘ప్రమాణాల లోపలే ఉన్నాం’ అని థర్మల్ కేంద్రాలిచ్చే జవాబు కూడా అంత భరోసా ఇచ్చేది కాదు. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన పరిమితి ఘనపు మీటరు పొగకు 0.03 మిల్లీగ్రాములు. మన బొగ్గు కిలో కాలితే దాదాపు 6 ఘనపు మీటర్ల పొగ వస్తుంది. అదే కిలోలో 0.1 మిల్లీగ్రాము పాదరసం ఉండి, చుక్కైనా పట్టకుండా మొత్తం వదిలేసినా ఘనపు మీటరుకు 0.017 మిల్లీగ్రాము మించదు. ఏమీ చేయకున్నా పాసయ్యే పరీక్ష ఇది. పాదరసంపై మినమాటా ఒప్పందాన్ని 2018లో ధ్రువీకరించిన దేశానికి ఇంత వదులు పరిమితి తగదు. పొగలోకి యాక్టివేటెడ్ కార్బన్ (ఆవిర్లను పట్టుకునేలా తయారుచేసిన బొగ్గు) పొడి చల్లి పాదరసాన్ని పట్టే పద్ధతి వేరే దేశాల్లో ఏళ్లుగా నడుస్తోంది.

ఆకు రాలాక పాదరసం ఎక్కడికీ పోదు, మట్టిలో చేరుతుంది. వాననీటితో చెరువుకు కొట్టుకొస్తే, గాలాడని అడుగు బురదలో బ్యాక్టీరియా దాన్ని ఒంట్లోకి తేలిగ్గా చేరే విషరూపమైన మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అసలు ప్రమాదం అక్కడ. నాచునుంచి చిన్నచేపకు, చిన్నచేపనుంచి దాన్ని తినే కొర్రమట్టకు మెట్టుమెట్టుకూ పెరుగుతుంది. అందుకే చెరువుల్లో పరీక్ష చేస్తే రవ్వ, బొచ్చెలతో ఆపకుండా పెద్ద కొర్రమట్టల్ని తప్పక తీసుకోవాలి. నీళ్లు నిలిచిన వరి మడిలోనూ ఇదే మార్పు జరుగుతుంది, గింజలోకి చేరే మిథైల్ రూపం అక్కడిదే.

రాలిన ఆకును కుప్పపోసి కాల్చడం మరీ తప్పు. ఆకు ఏడాదంతా కూడబెట్టిన పాదరసం దాదాపు అంతా ఆ మంటతో మళ్లీ గాలిలోకి పోతుంది. చెట్టు కిందే వదిలేయండి, చెరువు కట్టమీద మాత్రం పోయొద్దు.

పాలకూర, గోంగూర తినాలా వద్దా అని భయపడనక్కర్లేదు. పచ్చి ఆకులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఎండు బరువులో గ్రాముకు 40 నానోగ్రాములున్నా, వంద గ్రాముల కూరలో 0.4 మైక్రోగ్రాము. అకర్బన పాదరసానికి (ఆకులో ఎక్కువగా ఉండేది, మిథైల్ కానిది) అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన హద్దు 60 కిలోల మనిషికి వారానికి 240 మైక్రోగ్రాములు. పైనున్న బూడిద పోవడానికి కడగండి, ఆకు లోపలిది కడిగితే పోదు.

చెట్టు గాలిని కడగకపోయినా గాలిలో ఏముందో చెబుతుంది. అయితే నమూనా సరిగా తీయాలి. ఒకచోట వేప, ఇంకోచోట కానుగ కోసి పోల్చితే వచ్చే తేడా చెట్లది, గాలిది కాదు. ఒకే జాతి, ఒకే ఎత్తు, ఒకే వయసు ఆకు ఉండాలి. చిగురించిన తేదీ రాసుకుని పాదరసాన్ని అప్పటి నుంచి కోసేదాకా అయిన రోజులతో భాగించాలి. వానాకాలంలో గాలి నైరుతి నుంచి వస్తుంది కాబట్టి ప్లాంటుకు ఈశాన్యాన కొన్ని చోట్లు, ఎదురు దిక్కున కొన్ని, పోలికకు పాకాల అడవి లాంటి దూరపు చోటు ఒకటి. నైట్రైల్ గ్లౌజులతో కోసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కాగితం సంచిలో పెట్టాలి. అందరూ చేసే పొరపాటు ఆరబెట్టడంలో. 105 డిగ్రీల ఓవెన్‌లో పెడితే కొంత పాదరసం ఎగిరిపోవచ్చు, 40 డిగ్రీలు దాటనివ్వొద్దు. ఎప్పుడో థర్మామీటరు పగిలిన ల్యాబ్‌లో ఆరబెడితే ఆకు అక్కడి ఆవిరిని కూడా పట్టుకుని లేని కాలుష్యం చూపిస్తుంది. పాదరసాన్ని కొలిచే డైరెక్ట్ మెర్క్యురీ అనలైజర్ యంత్రానికి 0.1 గ్రాము పొడి చాలు. ఎంత పాదరసముందో ముందే ధ్రువీకరించిన ఆకుపొడిని ప్రతి విడతలో నమూనాలతో పాటు పరీక్షించకపోతే ఆ అంకెల్ని నమ్మొద్దు.

కాలుష్య నియంత్రణ మండలి మూడు కేంద్రాల చుట్టూ ఈ పని చేయించి, అంకెల్ని చిమ్నీ కొలతలతో పాటు గ్రామ పంచాయతీ బోర్డుల మీద పెట్టాలి. టేకాకు పండి రాలకముందే, అక్టోబరు చివరికల్లా మొదటి విడత కోయాలి.

– రసాయన, వృక్షశాస్త్ర అధ్యాపకులు కొందరు, హనుమకొండ