మందు ఇచ్చే ముందు ఆగిన ఫార్మసిస్టు గారికి కృతజ్ఞతలు

మా అమ్మగారి కీళ్లవాతానికి రాసిన మెథోట్రెక్సేట్ చీటీని చదివి, మాత్రలు వెంటనే చేతిలో పెట్టకుండా ఆగిన ఫార్మసిస్టు గారికి, పేరు తెలియకపోయినా, హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

కీళ్లవాతానికి ఈ మందును వారానికి ఒక్క రోజే వాడాలి; పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, నోరు పూస్తుంది, ప్రాణం మీదికే వస్తుంది. చీటీలో మాత్రం ‘రోజుకు ఒకసారి’ అని ఉంది. ఫార్మసిస్టు గారు దానిని సొంతంగా దిద్దలేదు, మా ఎదుట వైద్యుణ్ణి తప్పుపట్టనూ లేదు. ఆయనకే ఫోన్ చేసి, మోతాదు నిర్ధారించుకుని, ఆ మార్పును చీటీపై నమోదు చేసిన తర్వాతే మందు తీశారు. 2.5, 10 మిల్లీగ్రాముల మాత్రలు రెండూ ఇంట్లో చేరితే తారుమారవుతాయని ఒకే రకం ఇచ్చి, డబ్బా మీద ‘సోమవారం మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో రాశారు. ఎలా వేసుకోవాలో అమ్మ చేతనే తిరిగి చెప్పించుకున్నారు కూడా.

నొప్పి మాత్రలేవైనా సొంతంగా కొని వాడుతున్నారా అని పక్కవారికి వినపడకుండా అడిగిన తీరు నాకు మరీ నచ్చింది. (వెనుక వరుసలో కొందరు విసుక్కున్నారు; ఆమె తొందరపడలేదు.) ఇన్ఫెక్షన్‌కు ఎవరైనా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఈ మందు సంగతి ముందే చెప్పాలని, రక్తపరీక్షలు వాయిదా వేయవద్దని హెచ్చరించారు. అమ్మ ఇప్పుడు కులాసాగా ఉన్నారు.